పోస్టర్ మీద రైలు, గుమ్మం ముందు లారీ

ఒక సరుకు రవాణా సర్వీసుకు ఐదుకి మూడున్నర స్టార్లు. నాలుగు ఇచ్చేదాన్నే, దసరా దగ్గర అర స్టార్ కోసేశాను.

మాది మిర్యాలగూడ. ఇన్ని రైస్ మిల్లులు ఒక్కచోట ఆసియాలోనే ఇంకెక్కడా లేవని మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. పెద్ద మిల్లు దగ్గర్నుంచి లెక్కపెడుతూ వస్తే మాది చిట్టచివర తగులుతుంది. మూడేళ్ళ కింద మా ఆయనకు స్టెంట్ వేసినప్పటి నుంచి కాంటా, కిరాయిలు, లారీ వాళ్ళతో మాటలు అన్నీ నా నెత్తిన పడ్డాయి. మొదట్లో డ్రైవర్లు "సార్ లేరా అమ్మా?" అని లోపలికి తొంగి చూసేవాళ్ళు. ఇప్పుడు సార్‌ని పలకరించి నేరుగా నా టేబుల్ దగ్గరకే వస్తారు.

ఈ రివ్యూ ఒక రవాణా సర్వీసు గురించి. మిల్లు గుమ్మం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్ గోదాము దాకా సరుకు చేర్చడం, మధ్యలో కాగితాలు, కస్టమ్స్, సరిహద్దు దాటడానికి లారీకి ముందుగా బుక్ చేసుకునే స్లాటు, అన్నీ తామే చూసుకుంటామనే సర్వీసు. కంపెనీ పేరు రాయను. మా ఊరి మిల్లుల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళు ఎవరితో పంపినా నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నలే అడిగితే చాలు.

అసలు మాలాంటి చిన్న మిల్లు బంగ్లాదేశ్ దాకా ఎందుకు వెళ్ళిందంటే, ఉప్పుడు బియ్యం మా దగ్గర మూలుగుతోంది, వాళ్ళు తినేదేమో ఉప్పుడు బియ్యమే. 2023 ఆగస్టులో కేంద్రం ఉప్పుడు బియ్యం ఎగుమతి మీద 20 శాతం సుంకం వేసింది. అది 2024 సెప్టెంబర్‌లో 10 శాతానికి దిగి, అక్టోబర్‌లో పూర్తిగా పోయింది. 2025 ఆగస్టులో బంగ్లాదేశ్ తన ప్రైవేటు వ్యాపారుల దిగుమతికి మళ్ళీ తలుపు తెరిచింది. అదే ఏడాది మార్చిలో మన తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు కాకినాడ రేవు నుంచి 12,500 టన్నుల బియ్యం ఓడకెత్తించినప్పుడు టీవీలో చూసి మా ఆయన "మనమూ పంపుదామా" అన్నాడు. ప్రభుత్వానికి ఓడ ఉంది, మన దగ్గర నాలుగు లారీల సరుకుంది అన్నాను. ఆ నాలుగు లారీలే పంపాం. 100 టన్నులు, 50 కిలోల బస్తాలు రెండు వేలు.

ఆఫీసుకు వెళ్ళినప్పుడు నన్ను పట్టేసింది గోడ మీద పోస్టర్. ఒక పక్క పచ్చటి రైలు, దాని పక్కన లారీ, ఆ వెనక ఎక్కడో ఓడ. "రోడ్డు, రైలు, రేవు ఒకే కిరాయిలో" అని రాసి ఉంది. ఆఫీసులో ఉన్న కుర్రాడిని అడిగాను, "తమ్ముడూ, మన సరుకు రైల్లో పోతుందా?" అని. "పోతుంది మేడమ్, క్వాంటిటీ ఉంటే" అన్నాడు. ఎంత ఉంటే అని అడగలేదు. నా మొదటి తప్పు అక్కడే.

టన్నుకు 4,900 రూపాయలు చెప్పాడు. విడిగా లారీ బ్రోకర్ దగ్గర 4,600కు దొరికేది. అయితే బ్రోకర్ లారీ పెట్టి, బిల్టీ (సరుకు రసీదు) చేతికిచ్చి దండం పెడతాడు. సరిహద్దు దగ్గర మన తిప్పలు మనవే. మూడు వందలు ఎక్కువైనా వీళ్ళే నయమనిపించింది. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

సెప్టెంబర్ 18, గురువారం లోడింగు. పన్నెండు టైర్ల బళ్ళు నాలుగు, చెప్పిన టైముకు గంట అటూ ఇటూగా వచ్చాయి. ఈ విషయంలో వాళ్ళకు పూర్తి మార్కులు. వాళ్ళ సూపర్‌వైజర్ ముందుగా ఖాళీ బండి ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చుని ఫ్లోరు పలకల మధ్య సందుల్లో వేలు పెట్టి చూశాడు. ఒక బండిలో పాత సిమెంటు పొడి తగిలింది. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు కాబట్టి మా దగ్గర తిరిగే బళ్ళలో అది మామూలే. ఊడ్పించి, అడుగున ప్లాస్టిక్ షీటు, దాని మీద గడ్డి వేయించాడు. ఇరవై ఏళ్ళుగా మిల్లు ముందు లారీలు చూస్తున్నాను, ట్రాన్స్‌పోర్ట్ మనిషి సందులో వేలు పెట్టి చూడడం మొదటిసారి. పైన పట్టాలు రెండు వరసలు, తాళ్ళు అడ్డంగా నిలువుగా. తేమ చూసి స్లిప్పు మీద రాసి నాతో సంతకం పెట్టించుకున్నాడు. సంతకం దేనికని అప్పుడు చిరాకు పడ్డాను, తర్వాత అదే స్లిప్పు నాకు పనికొచ్చింది.

దారి సంగతి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, విజయవాడ, అక్కడి నుంచి సముద్రం వెంబడి విశాఖ, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, బాలాసోర్, కోల్‌కతా, ఆ పైన బన్‌గావ్, చివరికి బేనాపోల్‌కు ఎదురుగా మన వైపున్న సరిహద్దు గేటు పెట్రాపోల్. మొత్తం దాదాపు 1,450 కిలోమీటర్లు, నాలుగు రాష్ట్రాలు. మా ఆయన పెళ్ళికి ముందు బియ్యం లారీ వెంట కోల్‌కతా వెళ్ళొచ్చిన మనిషి. ఆ రోజుల్లో రాష్ట్రం మారిన ప్రతిచోటా చెక్‌పోస్టు, ఒక్కోచోట రాత్రంతా క్యూ, డ్రైవర్ చొక్కా జేబులో విడిగా చిల్లర. ఈయన లారీ కింద గోనెసంచి పరుచుకుని పడుకునేవాడట. 2014లో రాష్ట్రం విడిపోయాక మాకు పాతిక కిలోమీటర్ల దూరంలో కృష్ణ మీద వాడపల్లి వంతెన కూడా సరిహద్దే అయింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఆ తర్వాత ఏడాది ఈ-వే బిల్లు, అంటే సరుకు తీసుకెళ్ళడానికి ఆన్‌లైన్లో తీసే పత్రం, వచ్చింది. ఇప్పుడు లారీకి నేషనల్ పర్మిట్, అద్దం మీద ఫాస్టాగ్, ఫోన్లో ఈ-వే బిల్లు ఉంటే రాష్ట్రం మారిన సంగతి డ్రైవర్‌కు బోర్డులు చూస్తే తప్ప తెలీదు.

వీళ్ళ యాప్ బాగుంది. టోల్‌గేటు దాటిన ప్రతిసారీ మెసేజి. చిల్లకల్లు, కలపర్రు, మడపాం, బెల్లుపడ, ఒక్కొక్కటే ఫోన్లో పడుతుంటే ఊళ్ళ పేర్లు చదువుకుంటూ రాత్రి నిద్ర మానేశాను. మా అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చే రాత్రి కూడా ఇంత టెన్షన్ పడను. ఒకటే లోపం, యాప్‌లో ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు లేదు. తెలుగు వాళ్ళ సరుకు మోస్తూ తెలుగు పెట్టకపోవడం ఏమిటో.

మూడు లారీలు ఐదు రోజుల్లో, 23వ తేదీ సాయంత్రానికి, సరిహద్దు చేరాయి. నాలుగోది రాజమండ్రి దాటాక వెనక హబ్ దగ్గర బేరింగు పోయి ఆగింది. ఇంకో లారీ తెప్పించి 500 బస్తాలూ రోడ్డు పక్కనే మార్పించారు. ఆరు గంటల్లో పని అయింది, ఈ-వే బిల్లు రెండో భాగంలో కొత్త బండి నంబరు కూడా వెంటనే మార్చారు. శభాష్ అనుకున్నాను. కానీ సరిహద్దు దగ్గర లారీకి ముందుగా బుక్ చేసిన స్లాటులో పాత నంబరే ఉండిపోయింది. ఒక చోట మార్చి రెండో చోట మరిచిపోయారు. గేటు దగ్గర ఆ బండిని పక్కకు పెట్టారు. ఒక రోజు పోయింది.

అసలు కథ అక్కడి నుంచి. కోల్‌కతా దాటాక బారాసాత్ నుంచి బన్‌గావ్ దాకా జెస్సోర్ రోడ్డు. రెండు పక్కలా వందేళ్ళు దాటిన మహావృక్షాలు, రోడ్డేమో ఇరుకు. ఆ చెట్లు కొట్టాలా వద్దా అని సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది, 2023లో వంతెనల కోసం 356 చెట్లు కొట్టడానికి కోర్టు ఒప్పుకుంది. మా డ్రైవర్ వీడియో పంపాడు, పైన కొమ్మలు కలిసిపోయి సొరంగంలా ఉంది. చూడ్డానికి ఎంత బాగుందో, 25 టన్నుల బండితో ఆ చెట్ల మొదళ్ళ మధ్య ఎదురు లారీని తప్పించడం అంత నరకమన్నాడు.

పెట్రాపోల్ అంటే మామూలు సరిహద్దు గేటు కాదు. భూమ్మీద నుంచి భారత్, బంగ్లాదేశ్ మధ్య జరిగే వ్యాపారంలో విలువ ప్రకారం 70 శాతం దాకా ఈ ఒక్క గేటు నుంచే. 2016లో పెద్ద చెక్‌పోస్టు కట్టారు, 2024 అక్టోబర్‌లో సరుకు లారీల కోసం "మైత్రీ ద్వార్" అని ఇంకో గేటు తెరిచారు. గేట్లు పెరిగాయి కానీ పద్ధతి పాతదే. మన లారీ లోపలికి వెళ్ళి, అవతల బేనాపోల్‌లో సరుకు దించి, ఖాళీగా వెనక్కి రావాలి. ముందుకు జషోర్‌కో ఢాకాకో వెళ్ళకూడదు. అక్కడి నుంచి వాళ్ళ లారీలు. భూటాన్, బంగ్లాదేశ్, భారత్, నేపాల్ కలిసి ఒకరి బళ్ళు ఒకరి రోడ్ల మీద తిరగనిద్దామని 2015 జూన్‌లో థింఫూలో ఒప్పందం చేసుకున్నాయి. భూటాన్ పార్లమెంటులో అది గట్టెక్కలేదు. పదేళ్ళు దాటాయి, మా బస్తాలు ఇంకా బేనాపోల్‌లో బండి మారుతూనే ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు వాళ్ళు 2021లో లెక్కగట్టారట, ఇక్కడ దాటడానికి రోజులు పడుతుంటే, తూర్పు ఆఫ్రికాలో ఇంతే రద్దీ ఉన్న సరిహద్దుల్లో ఆరు గంటల్లోపే అయిపోతోందని. మా అమ్మాయి చదివి వినిపించింది. మా ఆయన "ఆఫ్రికాకే పంపాల్సింది" అన్నాడు.

మా స్లాటు 26న. సరిగ్గా 24న కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది, బాస్మతి కాని బియ్యం ఎగుమతి చేయాలంటే కాంట్రాక్టును ముందు అపెడాలో (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) రిజిస్టర్ చేయాలని. లారీలు గేటు ముందు నిలబడి ఉన్నాయి, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) ఇంకా కాలేదు, మాకూ వర్తిస్తుందని అక్కడి ఏజెంటు చెప్పాడు. ఇక్కడే ఈ సర్వీసు విలువ తెలిసింది. రాత్రి తొమ్మిదింటికి ఆ కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కొనుగోలుదారు కాంట్రాక్టు, మా ఐఈసీ (ఎగుమతి దిగుమతుల కోడ్), బ్యాంకు కాగితాలు అన్నీ స్కాన్ చేసుకుని, నేను పెట్టిన ఉప్మా తింటూ, పన్నెండున్నర దాకా కూర్చుని పూర్తి చేశాడు. రెండు రోజుల్లో సర్టిఫికెట్ వచ్చింది. బ్రోకర్ లారీ అయితే మేము ఆ నోటిఫికేషన్ గురించి వినేసరికే వారం గడిచేది.

ఇంకోటి. ఈ-వే బిల్లుకు రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన గడువు. 1,450కి ఎనిమిది రోజులు. 26 రాత్రితో మా బిల్లులు చచ్చిపోతాయి. గడువు తీరే ముందు ఎనిమిది గంటల్లోనో, తీరాక ఎనిమిది గంటల లోపో పొడిగించుకోవాలి, ఆ కిటికీ దాటితే జరిమానా. నాకు గుర్తే లేదు. వాళ్ళు పొడిగించి మెసేజి పెట్టారు. అప్పుడు నాలుగు స్టార్ల మీద ఉన్నాను.

27కి కాగితాలన్నీ సిద్ధం. 28 నుంచి గేటు బంద్. దుర్గాపూజ.

ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు కదా. ఏటా పూజ రోజుల్లో ఆ సరిహద్దులో సరుకుల రాకపోకలు ఆగుతాయి. బెంగాల్‌లో ఆఫీసు ఉన్న కంపెనీకి ఆ తేదీలు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? లోడింగు రోజున ఒక్క మాట, "మేడమ్, పది రోజులు ఆగి పంపుదాం" అని ఉంటే సరిపోయేది. ఫోన్ చేస్తే "స్లాటు 26న ఉంది కదా మేడమ్, రూలు మారుతుందని మాకేం తెలుసు" అన్నారు. రూలు సంగతి నిజమే. కానీ పండగ ముందు ఒక్క రోజు కూడా అదనంగా పెట్టుకోకుండా లారీ పంపడం వ్యాపారమా, జూదమా?

ఇక్కడ మా వీధిలో సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు పేర్చి పెట్టుకుని, చీర కట్టుకుని, చేతిలో ఫోను. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను వలయం లోంచి బయటికొచ్చి డ్రైవర్‌కు ఫోన్ చేస్తున్నాను. ఆయన పలాస వైపు మనిషి. "ఏటి సేత్తామమ్మా, పండగ కదా. బియ్యానికేం కాదు, నేనున్నాను" అన్నాడు. పార్కింగులో నీళ్ళు కొనుక్కోవాలట, స్నానానికి వేరే డబ్బులట. నలుగురూ ఒక కేబిన్ ముందు స్టవ్ పెట్టుకుని వండుకుంటున్నారు. లారీ నిండా 500 బస్తాల బియ్యం, కిందేమో కొట్లో కొన్న కిలో బియ్యం ఉడుకుతోంది. ఒక బస్తా విప్పుకోండి అన్నాను. "సీలు లెక్క తప్పుద్దమ్మా" అన్నాడు. ఆ రాత్రి వాన పడితే రెండు గంటలకు లేచి పట్టా అంచులు మళ్ళీ బిగించి ఫొటో పంపాడు. ఐదుకి ఐదు ఈ డ్రైవర్‌కు. అయితే నా స్టార్లు కంపెనీకి పోతాయి, ఆయనకు కాదు. ఫోన్‌పేలో వెయ్యి పంపితే మొదట వద్దన్నాడు.

అక్టోబర్ మొదటి వారం చివర్లో నాలుగు బళ్ళూ దాటాయి. దిగుమతి ఏజెంటు వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాడు. అందులో ఒకటి ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. హమాలీ చేతిలో ఇనుప కొక్కెం, దాని మొన తెల్లటి బస్తా మూలలో దిగి ఉంది, చీలిక లోంచి గింజలు కారి వాళ్ళ లారీ చెక్క మీద చిన్న కుప్ప. గోనెసంచిలో కొక్కెం గుచ్చినా పోగులు మళ్ళీ సర్దుకుంటాయి. ప్లాస్టిక్ అల్లిక సంచికి అలా కాదు, ఒకసారి చీలితే చీలుతూనే ఉంటుంది. ఏడు బస్తాలు చిరిగాయి, రెండు తడిశాయి. మా హమాలీలకు కొక్కెం వాడొద్దని లోడింగు రోజున గట్టిగా చెప్పాను. 1,450 కిలోమీటర్లు వచ్చిన సరుకు చివరి పది గజాల్లో, ఒక బండి లోంచి ఇంకో బండిలోకి మారే దగ్గర, చిరిగింది. దూరం వల్ల పోయింది ఏమీ లేదు. బేరింగు పోయిన చోట, కాగితంలో నంబరు మారిన చోట, బస్తా బండి మారిన చోట, అంటే చేతులు మారిన ప్రతిచోటా ఏదో ఒకటి పోయింది. తేమ విషయంలో మాత్రం కొనుగోలుదారు పేచీ పెట్టబోతే మొదటి రోజు నాటి సంతకం స్లిప్పు చూపించి బయటపడ్డాం.

ఇక పోస్టర్ మీది రైలు.

మా మరిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఆయన చెప్పే కథ ఒకటుంది, కథ కాదు, నిజంగా జరిగింది. 2020లో లాక్‌డౌన్ వల్ల పెట్రాపోల్ రోడ్డు దారి మూసుకుపోతే, జూలైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి నేరుగా బేనాపోల్‌కు ఎండు మిర్చితో పార్శిల్ రైలు వెళ్ళింది. మన దేశం సరిహద్దు దాటి వెళ్ళిన మొదటి ప్రత్యేక పార్శిల్ రైలు అదే. 16 వ్యాన్లు, 384 టన్నులు. రోడ్డు మీద టన్నుకు 7,000 అయ్యేది రైల్లో 4,608 అయింది. గేటు ముందు పార్కింగు లేదు, జెస్సోర్ రోడ్డు లేదు, మధ్యలో లారీ మార్చే పని లేదు. పట్టాలు అవతలికీ ఉన్నాయి, ఇంజిను లాక్కుపోయింది. ఇటు రైల్వే, అటు రైల్వే, రెండు కస్టమ్స్ ఆఫీసులు ఒక మాట అనుకుంటే సరిపోయింది. మామూలు రోజుల్లో ఏళ్ళు పట్టే మాట, కరోనా పుణ్యమా అని వారాల్లో అయిపోయింది.

మిర్యాలగూడ స్టేషన్ కూడా ఆ గుంటూరు లైను మీదే ఉంది. మరి మాకెందుకు రాదని ఆ కుర్రాడిని నిలదీశాను. పూర్తి గూడ్స్ రేక్ అంటే 42 వ్యాగన్లు, రెండున్నర వేల టన్నుల పైమాట. మా 100 టన్నులు అందులో ఒక మూలకు కూడా చాలవు. పార్శిల్ రైలంటే మిర్చి రైలు లెక్కన మాలాంటి మిల్లులు నాలుగైదు కలవాలి. "మీరు కలపండి, మీ పోస్టర్ మీద అదే కదా ఉంది" అన్నాను. "ఒక మిల్లు వాళ్ళు ఇంకో మిల్లు పక్కన సరుకు పెట్టనివ్వరు మేడమ్, రేటు తెలిసిపోతుందని" అన్నాడు. ఆ మాట కాదనలేకపోయాను. మా ఎదురు మిల్లాయన మా కాంటా మీద లారీ తూయించమన్నా తూయించడు, రెండు కిలోమీటర్లు వెళ్ళి తూయించుకొస్తాడు.

లైను సంగతి కూడా ఉంది. గుంటూరు, బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల డబ్లింగుకు, అంటే రెండో లైను వేయడానికి, 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అది పూర్తయ్యేదాకా సింగిల్ లైను మీద గూడ్స్ బండి ఏదో ఒక స్టేషన్లో పక్కకు తప్పుకుని ఎదురు బండి కోసం చూడాల్సిందే. 2030 నాటికి సరుకులో 45 శాతం రైలెక్కించాలని, అప్పటికి ఉన్న 27 శాతం నుంచి పెంచాలని, రైల్వే ప్లాన్ వేసుకుంది. ఆ 45లో మిర్యాలగూడ చిన్న మిల్లుల వంతు ఎంతో. అది కంపెనీ తప్పు కాదు. రైలు లేనప్పుడు పోస్టర్ మీద రైలు బొమ్మ వేయడం మాత్రం వాళ్ళ తప్పే.

వీళ్ళు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఎక్కడా ప్రచారం చేసుకోరు. తిరుగు లోడు. వానాకాలం వడ్లు వచ్చే ముందు మా మిల్లులన్నిటికీ గోనెసంచులు కావాలి. ప్రభుత్వానికిచ్చే బియ్యం జనపనార సంచిలోనే ఇవ్వాలి, ఆ సంచులు వచ్చేదేమో బెంగాల్ జూట్ మిల్లుల నుంచి. అంటే ఇటు నుంచి బియ్యం అటు పోతోంది, అటు నుంచి సంచులు ఇటు వస్తున్నాయి, రెండు లారీలూ ఒక వైపు ఖాళీగా తిరుగుతున్నాయి. ఈ సర్వీసు వాళ్ళు మా నాలుగింటిలో రెండు బళ్ళకు తిరుగు దారిలో గోనెసంచుల బేళ్ళు కుదిర్చారు. బేలుకు 500 సంచులు. అందులో కొన్ని మా మిల్లుకే వచ్చాయి. ఆ రెండు బళ్ళ మీద టన్నుకు 400 తగ్గించి బిల్లు వేశారు. బియ్యం తీసుకెళ్ళిన పలాస డ్రైవరే సంచులతో మా గేట్లోకి వచ్చి హారన్ కొట్టినప్పుడు, ఎవరో చుట్టమొచ్చినట్టు మా ఆయన లేచి బయటికెళ్ళాడు.

బిల్లుతో పాటు ఒక ఆకుపచ్చ స్లిప్పు కూడా పెట్టారు, "మీ రవాణా వల్ల వెలువడిన కార్బన్" అని, కింద ఆకు బొమ్మ. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, దాన్ని పట్టుకుని కూర్చుంది. లోడు బండి లీటరుకు మూడున్నర కిలోమీటర్లు ఇస్తే పోవడానికే 410 లీటర్ల పైన డీజిల్. లీటరుకు 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్. బండికి 1,100 కిలోలు, నాలుగింటికి నాలుగు టన్నుల పైన. స్లిప్పు మీద అందులో సగానికి కొంచెం ఎక్కువుంది. ఎలా అంటే నాలుగు బళ్ళూ తిరుగు లోడుతో వచ్చినట్టు లెక్క కట్టి మా వాటా తగ్గించారు. వచ్చింది రెండే కదా, మిగతా రెండూ ఖాళీగానే దిగాయి. అడిగితే "అది సిస్టమ్ ఆటోమేటిక్‌గా వేస్తుంది మేడమ్" అన్నారు. తిరుగు లోడు కుదర్చడమే అసలైన పర్యావరణ పని, అది చేశారు. ఆకు బొమ్మ స్లిప్పు లేకపోయినా నేను మెచ్చుకునేదాన్ని.

డబ్బు గొడవ ఒకటి మిగిలింది. హాల్టింగ్ చార్జీ, అంటే లారీ ఆగి ఉన్న రోజులకు కట్టేది. మూడు రోజులు ఫ్రీ, ఆ పైన బండికి రోజుకు 2,500. ఎనిమిది రోజులు, నాలుగు బళ్ళు, 80,000 వేశారు. పండగ చెప్పకుండా పంపింది మీరు, హాల్టింగ్ మాకా అని అడిగాను. నాలుగు రోజులు ఫోన్లు నడిచాయి. మూడో రోజు మా ఆయన "పోనీలే" అనబోతే ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకున్నాను. చివరికి సగం వాళ్ళు భరించారు. ఆ 40,000, చిరిగిన బస్తాలు పోగా ఈ ట్రిప్పులో మాకు మిగిలింది, ఇక్కడే అమ్ముకుంటే మిగిలేదానికంటే కొంచెం ఎక్కువ, అంతే. అయినా మొదటిసారికి నష్టపోలేదు.

మీరు పంపేటట్టయితే: హాల్టింగ్ ఎవరిదో, ఎన్ని రోజులు ఫ్రీనో కాగితం మీద రాయించుకోండి. బేనాపోల్‌లో కొక్కెం వాడకూడదని దిగుమతిదారుతో కాంట్రాక్టులోనే పెట్టించుకోండి, లేదా కాస్త ఖర్చయినా మందపాటి సంచి వాడండి. లారీ మధ్యలో మారితే ఈ-వే బిల్లులో మార్చారా అని ఒకసారి, స్లాటులో మార్చారా అని ఇంకోసారి అడగండి. పది లారీల పైన ఉన్నవాళ్ళు కాకినాడ ఓడ రేటు కూడా కనుక్కోండి. రెండు మూడు లారీల వాళ్ళకు మాత్రం వీళ్ళకంటే మంచి దారి నాకు కనిపించలేదు. నేను మళ్ళీ వీళ్ళతోనే పంపుతున్నాను, ఈసారి ఆరు లారీలు.

ఈసారి లోడింగు తేదీ పెట్టే ముందు ఒక షరతు పెట్టాను, బెంగాల్ క్యాలెండరు ఒకటి నాకు కావాలని. ఆ కుర్రాడు నవ్వాడు గానీ వారం తర్వాత కోల్‌కతా ఆఫీసు నుంచి నిజంగానే తెప్పించాడు. పైన దశభుజ దుర్గ, కింద అంతా బెంగాలీ. కాంటా గదిలో మన తెలుగు క్యాలెండరు పక్కన మేకు కొట్టి తగిలించాం. అక్షరం ముక్క ఎవరికీ రాదు. ఎర్ర తారీఖులు మాత్రం మా హమాలీ మేస్త్రి కూడా చదువుతాడు.